చేతితో చేసిన కార్డు

నూతన సంవత్సరము సమీపించునప్పటికి అనేక పాఠశాలలలో చేతిపనుల పోటీ యొకటి జరుగును. విద్యార్థులు శుభాకాంక్షల కార్డులను తయారుచేసి తెచ్చి బల్లలపై వరుసగా నిలువబెట్టుదురు. ఉపాధ్యాయులు వానిని పరిశీలించి బహుమతులు నిర్ణయింతురు. చూచుటకు ముచ్చటైన వేడుక. కాని ఆ బల్లలయొద్ద కొంత తడవు నిలిచి చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. ఒక కార్డుపై బజారులో కొన్న అచ్చుపూల కాగితము, దానిపై బజారులో కొన్న కాగితపు గులాబీలు, వాని నడుమ ముత్యములవలె మెఱయు ప్లాస్టిక్ పూసలు, చుట్టును తళుకుపొడి, లోపల ముందే అచ్చువేయబడిన శుభాకాంక్షలు. విద్యార్థి చేసిన పని జిగురు పూయుట మాత్రమే. ఒక్కొక్కప్పుడు ఆ పనియు తల్లిదండ్రులే చేసియుందురు. దాని ప్రక్కనే నోటుపుస్తకపు అట్టను మడిచి, పాత పెండ్లిపత్రిక అంచును కత్తిరించి అతికించి, లోపల నాలుగు పంక్తులు స్వయముగా వ్రాసిన కార్డొకటి యుండును. బహుమతి తఱచుగా మొదటిదానికే పోవును. రెండవదానిని తెచ్చిన పిల్లవాడు మఱుసటి యేడు పోటీకి రాడు.

రెండును చేతితో చేసినవే యని పేరు. ఆ పేరునకు అర్థమేమి? అది యెవరి చేయి? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గ్రీటింగు కార్డు పుట్టిన కాలమునుండియు అది వెన్నంటి వచ్చుచున్నది.

ఇంగ్లండులో 1840వ సంవత్సరమున తపాలా రుసుము ఒక పెన్నీకి తగ్గింపబడెను. అంతకు ముందు జాబు పోవు దూరమును బట్టి రుసుము పెరుగుచుండెను. తఱచుగా జాబును అందుకొన్నవారే దానిని చెల్లింపవలసి వచ్చెడిది. పెన్నీ తపాలా వచ్చినతోడనే జాబులు విస్తారముగా పెరిగినవి. 1843లో హెన్రీ కోల్ అను నాతడు తన మిత్రులందఱికి క్రిస్మస్ జాబులు వ్రాయు తీరిక లేక, జాన్ హార్స్‌లీ అను చిత్రకారునిచేత ఒక బొమ్మ వేయించి కార్డులుగా ముద్రింపించెను. వాణిజ్యముగా అమ్మబడిన మొదటి క్రిస్మస్ కార్డు ఇదియే. దాని వెల ఒక షిల్లింగు, అనగా పన్నెండు పెన్నీలు. కార్డును పంపుటకు ఒక పెన్నీ, కొనుటకు పన్నెండు! ముద్రించిన ఆ బొమ్మకు రంగులు మాత్రము చేతితోనే వేసిరి. ఇచ్చట ఒక విషయము గమనింపదగును. కార్డు పుట్టినది జాబు వ్రాయు శ్రమను తప్పించుకొనుటకే.

అలంకారముల కార్డునకు అసలైన చరిత్ర అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి యొడ్డున కలదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున వూస్టర్ అను పట్టణము కలదు. ఆ యూరిలో కాగితములు, పుస్తకములు అమ్ము వర్తకుని కుమార్తె ఎస్తర్ హౌలాండ్ 1828లో జన్మించెను. ఆమె మౌంట్ హోలియోక్ విద్యాలయమున చదివి 1847లో పట్టభద్రురాలై యింటికి వచ్చెను. ఆ దినములలో చదివిన స్త్రీకి బడిపంతులు పని తప్ప వేఱు జీవనము చాల అరుదు. ఆ సమయముననే ఇంగ్లండునుండి ఆమెకు ఒక వాలెంటైన్ కార్డు వచ్చెను. ఫిబ్రవరి 14వ తేదీన ప్రీతిపాత్రులకు పంపుకొను కార్డు అది. లేసువలె చిల్లులు తీర్చిన కాగితము, దానిపై అతికించిన పూలు, రంగుల అంచులు దానియందుండెను. ఇంతకంటె మేలైనదానిని తాను చేయగలనని ఆమె తలచెను.

ఆ లేసుకాగితము తయారగు విధము తెలిసికొనదగినది. కాగితమును చెక్కిన అచ్చుపై గట్టిగా నొక్కినచో చిత్రము ఉబ్బెత్తుగా లేచును. లేచిన ఆ భాగములను సన్నగా అరగదీసినచో అచ్చట చిల్లులు పడి, నూలుతో అల్లిన లేసువలె కాగితము కానవచ్చును. హౌలాండ్ తండ్రిచేత ఇంగ్లండునుండి ఈ కాగితమును, రంగుబొమ్మలను తెప్పించి కొన్ని మాదిరి కార్డులు చేసెను. ఆమె సోదరుడు వర్తకమునకై ఊరూర తిరుగువాడు గనుక వానిని వెంటగొనిపోయెను. ఇన్నూరు డాలర్ల బేరము వచ్చిన చాలునని ఆమె యనుకొనగా, అతడు అయిదువేల డాలర్లకు పైబడిన బేరముతో తిరిగివచ్చెనని చెప్పుదురు.

ఒక్కతె చేయగల పని కాదది. ఆమె కొందఱు స్నేహితురాండ్రను పిలిచి, ఇంటి మేడపై పొడుగాటి బల్ల చుట్టు కూర్చుండబెట్టెను. ఒకతె బొమ్మలు కత్తిరించును. ఒకతె అట్టలను అమర్చును. ఇంకొకతె లేసుకాగితము క్రింద రంగుకాగితపు ముక్కను పెట్టి అతికించును. తెల్లని లేసు చిల్లులనుండి ఎఱ్ఱనో నీలమో తొంగిచూచునట్లు చేయుట ఆమె వేసిన యెత్తు. మడతల కాగితపు ముక్కను అడుగున ఉంచి, పై పొర కొంచెము లేచి నిలుచునట్లు చేయుటయు ఆమె కార్డులందు కానవచ్చును. ఇల్లు కదలలేని స్త్రీలకు సామగ్రిని పెట్టెలలో పంపి, పని ముగిసిన పిమ్మట తెప్పించుకొనుచుండెను. కార్డు వెనుక చిన్న ఎఱ్ఱని హెచ్ అక్షరము ఆమె గుర్తు. ఏదియు ఆమె కన్ను పడక బజారునకు పోలేదు.

మన నరసాపురపు లేసు సంగతి ఎఱిగినవారికి ఈ పద్ధతి వింతగా తోపదు. గోదావరి మండలమున వేలకొలది స్త్రీలు ఇంటి అరుగులపై కూర్చుండి, వర్తకులిచ్చిన నూలుతో తలయొక ముక్కను అల్లుదురు. ఆ ముక్కలు ఒకచోట కూడి దేశాంతరములకు పోవును. కొన్న దొరసానికి అది చేతిపని యని తెలియును గాని, చేయి ఎవరిదో తెలియదు. అల్లినదానికి దక్కిన కూలి ఎంతయో అంతకంటెను తెలియదు. ఆ స్త్రీల బ్రతుకులను గూర్చి మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ఒక గ్రంథమునే ప్రకటించెను.

ఇక అసలు విషయము. హౌలాండ్ కార్డులు నిశ్చయముగా చేతితో చేసినవే. అందమునకు లోటు లేదు. కాని వానిని కొని పంపినవాని చేయి అందులో ఎంత కలదు? ఆమె సంస్థ 1879లో 131 పద్యములుగల ఒక చిన్న పుస్తకమును వెలువరించెను. కార్డులోని పద్యము నచ్చనివారు ఆ పుస్తకమునుండి మఱియొకదానిని ఎన్నుకొని, పాతదానిపై అతికించికొనవచ్చును. వర్తకమున ఇది గొప్ప తెలివి. కాని ఆలోచించినచో కొంచెము విచారమును కలుగును. ప్రియమైనవారికి చెప్పవలసిన మాటకు సయితము పట్టికలో అంకె చూపిన చాలును! ఆమె 1880 తరువాత కొలది కాలమునకే వ్యాపారమును అదే యూరి జార్జి విట్నీ అను వర్తకునకు అమ్మివేసెను. విట్నీ సంస్థ యంత్రములతో చౌకగా కార్డులు చేసి, యుద్ధకాలపు కాగితపు కఱవువలన 1942లో మూతపడెను.

ఈ కథలో ఎవరిని నిందింపవలసిన పని లేదు. హౌలాండ్ తన తెలివితో తానును బ్రతికి, పదుగురకు పని చూపెను. వ్యాపారి చేయు చేతిపనికి నియమము ఒకటి, విద్యార్థి చేయు చేతిపనికి వేఱొకటి. వ్యాపారి కార్డు ఎవరికైన సరిపోవలెను. విద్యార్థి కార్డు ఒక్కరికే సరిపోవలెను. తాతగారికి పంపు కార్డు మేనత్తకు పంపుటకు పనికివచ్చినచో, అది విద్యార్థి చేసినదైనను అంగడి సరకే.

అలంకారమనగానే కొనవలసినదని నేటి పిల్లలు తలచుట పొరపాటు. తెలుగువారి శుభలేఖను చూడుడు. నాలుగు మూలల పసుపు పూయుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ పసుపు వంటింటిలోనిదే. దానికి పైకము ఖర్చు లేదు. కాని కవరు విప్పకమునుపే శుభవార్త వచ్చినదని చదువరాని ముసలమ్మకు సయితము అది తెలుపును. ఒక చిటికెడు పసుపు అంత మాటాడునప్పుడు, ఇరువది ప్లాస్టిక్ పూసలు ఏమి మాటాడుచున్నవో అడిగిచూడవలెను. తళుకుపొడి విషయము వేఱు. అందులో అధికభాగము సన్నగా కత్తిరించిన ప్లాస్టిక్ రేకే. అది మట్టిలో కలియదు, నీటిలో కరగదు. విడిగా అమ్మబడు ప్లాస్టిక్ తళుకుపొడిని ఐరోపా కూటమి దేశములు 2023 అక్టోబరు నుండి నిషేధించినవి. మెఱుపే కావలెనన్నచో పట్టుచీర అంచున ఊడిన జరీపోగు ఒకటి చాలదా?

పూలకాగితమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. ప్రతి యింట అటకపైననో బీరువా అడుగుననో పాత పెండ్లిపత్రికల కట్ట యుండును. అంతకంటె మంచి అచ్చుకాగితము ఏ అంగడిలోను దొరకదు. దానిపై వినాయకుని బొమ్మయో వేంకటేశ్వరుని బొమ్మయో యుండుటచేత పారవేయుటకు చేయి రాక ఇంటివారు దాచియుందురు. బొమ్మను చెక్కుచెదరకుండ వేఱుచేసి పెద్దలకు ఇచ్చి, అంచులను మాత్రము వాడుకొన్నచో ఎవరికిని కష్టము తోచదు. బెండకాయను అడ్డముగా కోసి రంగులో ముంచి అద్దినచో అయిదు రేకుల పువ్వు పడును. మచిలీపట్టణము ప్రక్కనున్న పెడనలో కలంకారీ అద్దకమువారు టేకు అచ్చులతో బట్టపై చేయు పనియు మూలమున ఇదియే. వారి ఓర్పు మాత్రము ఎక్కువ. నీటిపై రంగుచుక్కలు తేలవేసి, పుల్లతో కదిపి, కాగితమును పైన పఱచి తీయుట ఇంకొక విధము. పదునేడవ శతాబ్దమున బీజాపురపు చిత్రకారులు ఈ విధానముతో మనుష్యులను, గుఱ్ఱములను సయితము చిత్రించిరి. ఒకసారి వచ్చిన చాయ మరల రాదు గనుక, ఒక్కరికే పంపవలసిన కార్డునకు ఇది ఎంతయు తగును.

చేతిపని యన్నచో నేర్పు లేకున్నను చెల్లునని ఎవరును అనుకొనరాదు. వంకర మడత ప్రేమకు గుర్తు కాదు. యంత్రముపై తయారైన కాగితమున నారలు అధికముగా ఒకే దిక్కున పఱచుకొనియుండును. అట్టను మెల్లగా రెండు వైపుల వంచి చూచినచో ఒకవైపు తేలికగా వంగును, రెండవవైపు బిగిసియుండును. తేలికగా వంగు దిక్కుననే మడత వేయవలెను. లేకున్న అంచు పగిలి పీచులేచును. ముందుగా కొలబద్ద ఆనించి, సిరా అయిపోయిన పెన్నుతో ఒక గీత నొక్కినచో మడత సూటిగా వచ్చును. మైదా జిగురును పలుచగా పూసి, పుస్తకముల బరువు క్రింద రాత్రియంతయు ఉంచవలెను. తొందరపడి ఎత్తినచో కార్డు అప్పడమువలె చుట్టుకొనును. ఇవి చిన్న సంగతులే. కాని అందుకొన్నవారు మొదట చూచునవి ఇవియే.

కొనిన కార్డులో చిత్రము మేలు, పద్యము మేలు, అచ్చుతప్పు లేదని కొందఱు వాదింతురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. చిత్రకారుని పనిని పైకమిచ్చి కొనుట ఆ కళకు మర్యాదయే. తీరిక లేని పెద్దలు మంచి కార్డును కొని, దాని అడుగున తమ దస్తూరితో రెండు మాటలు వ్రాసి పంపినచో ఎవరును తప్పు పట్టరు. కాని చేతిపని పేరుతో కొన్న వస్తువులను కుప్పవేసి బహుమతి అడుగుట వేఱు. అది చేతిని కాక తండ్రి సంచిని పోటీకి నిలుపుట. ఉపాధ్యాయులు దానికి బహుమతి ఇచ్చినచో, తరగతిలో సగము మందికి చెప్పరాని మాట నొకదానిని చెప్పినట్లే.

సరిదిద్దుట కష్టము కాదు. కార్డులను ఇంటినుండి తెమ్మనక తరగతి గదిలోనే గంటసేపు చేయింపవచ్చును. పాత కాగితములను అందఱి మధ్య ఒకే కుప్పగా పోయవచ్చును. నిర్ణేతలు కార్డును మొదట తెఱచి లోపలి వ్రాతను చదివి, పిమ్మట మూసి పై సొగసును చూడవచ్చును. ఇప్పుడు జరుగుచున్నది దీనికి తలక్రిందు. పెక్కు కార్డులను తెఱచుటయే లేదు.

పోటీ ముగిసిన తరువాత ఆ కార్డుల గతి యేమగునో ఎందఱు గమనించిరి? బహుమతి పొందినవి కొన్నాళ్లు గాజుబీరువాలో నుండును. తక్కినవి కట్టగట్టబడి గది మూల చేరును. వానిలో చాల వానిపై ఎవరి పేరును ఉండదు. ఎవరికిని పంపుటకై చేసినవి కావు గనుక. పేరును చిరునామాయును వ్రాసిన కవరు లేని కార్డును పోటీకి స్వీకరింపరాదని ఒక్క నియమము పెట్టిన చాలును. కవరులో పట్టవలెను గనుక ఉబ్బెత్తు పూసలును తమంతట తామే తగ్గును. మఱునాడు ఉదయము ఇద్దఱు విద్యార్థులు ఆ కవరులకు తపాలా బిళ్లలంటించి, వీథి చివరనున్న ఎఱ్ఱ డబ్బాలో వేసి రావలెను.