అల్ మిత్రా అడగని ఎదురుప్రశ్న



మా ఆలయ గ్రంథాలయంలోని ఒక పుస్తకం విషయమై కొంతకాలంగా అభిప్రాయభేదం నడుస్తున్నది. అది ఖలీల్ జిబ్రాన్ రచించిన ‘ది ప్రాఫెట్’. భక్తులెవరో ఇచ్చి వెళ్ళిన ప్రతి. ఉపనిషత్తులు, గీతాభాష్యాలు ఉన్న బీరువాలో పరదేశీయుని గ్రంథానికి స్థానమేమిటని కొందరు పెద్దల ఆక్షేపణ. మాకు అదే ఉపనిషత్తు అని కొందరు యువకుల పట్టుదల. ఉభయపక్షాలవారూ నా అభిప్రాయం అడిగారు కనుక ఇక్కడ విన్నవిస్తున్నాను.

జిబ్రాన్ 1883లో లెబనాన్ దేశపు బ్షర్రీ గ్రామంలో, మారొనైట్ క్రైస్తవ కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే అమెరికా చేరాడు. ఈ గ్రంథాన్ని ఆంగ్లంలోనే రచించి 1923లో ప్రకటించాడు. 1931లో న్యూయార్కులో దేహం చాలించాడు. గ్రంథం వందకు పైగా భాషలలోకి వెళ్ళింది. మన కాళోజీ నారాయణరావుగారు దీనిని ‘జీవన గీత’ పేరుతో తెనిగించారు. కథాభాగం స్వల్పం. అల్ ముస్తఫా అనే జ్ఞాని ఆర్ఫలీజ్ నగరంలో పన్నెండు సంవత్సరాలు తన నౌక కోసం నిరీక్షిస్తాడు. నౌక వచ్చిన నాడు పురజనులు చుట్టూ చేరుతారు. అల్ మిత్రా అనే యోగినివంటి స్త్రీ ముందుకు వచ్చి ప్రేమను గురించి చెప్పమంటుంది. అక్కడినుండి వివాహం, సంతానం, దానం, కర్మ, దుఃఖం, ప్రార్థన మొదలుకొని మరణం వరకు ఇరువది ఆరు విషయాలపై అతడు మాట్లాడి నౌక ఎక్కుతాడు.

పరదేశీయుడనే ఆక్షేపణపై ఎక్కువసేపు నిలవనవసరం లేదు. విషంలోనుండి అయినా అమృతాన్ని, బాలుని నోటినుండి అయినా మంచిమాటను గ్రహించవచ్చునని మనువే అనుమతించాడు. పూర్వపక్షాన్ని ప్రతిపక్షి కంటె చక్కగా చెప్పి తరువాత ఖండించిన భాష్యకారుల వారసులం మనం. ఒక పుస్తకానికి భయపడటం మన లక్షణం కాదు.

‘ప్రవక్త’ అనే మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. మన సంప్రదాయంలో ప్రవచనమంటే గురుముఖతః విన్నదానిని శిష్యునకు అందించడం. తైత్తిరీయ శీక్షావల్లి స్వాధ్యాయంతో పాటు దానినీ విధించింది. పశ్చిమాసియా మతాలలో ప్రవక్త ఈశ్వరుని సందేశాన్ని జనులకు చేర్చేవాడు. జిబ్రాన్ పాత్ర ఈ రెంటిలో దేనికీ పూర్తిగా ఒదగదు. ‘ఎన్నుకొనబడినవాడు’ అనే అర్థం గల ముస్తఫా శబ్దం మహమ్మదు ప్రవక్తకు గల బిరుదనామాలలో ఒకటి. క్రైస్తవుడైన కవి ఆ పేరును కోరి పెట్టుకున్నాడు. కాని ఆ అల్ ముస్తఫా, దేవుడు నాకు ఇలా ఆజ్ఞాపించాడు అని ఎక్కడా అనడు. మీ ఆత్మలలో ఇప్పటికే కదలుతున్నదానినే నేను పలుకుతున్నాను అనే భావంతో ఆరంభిస్తాడు. వేదాంతం చదివినవారికి ఈ గ్రంథం చుట్టమువలె తోచడానికి ఇదొక కారణం.

రెండవ కారణం ఇంకా లోతైనది. బృహదారణ్యకంలోని మైత్రేయీ బ్రాహ్మణాన్ని స్మరించండి. అక్కడా ఒక జ్ఞాని వెళ్ళిపోతున్నాడు. యాజ్ఞవల్క్యుడు గృహస్థాశ్రమం విడిచి వెళ్ళబోతూ తన ఆస్తిని మైత్రేయికి, కాత్యాయనికి పంచి ఇస్తానంటాడు. అక్కడా ప్రశ్నించినది స్త్రీయే. భూమి అంతా ధనంతో నిండి నాదైతే నేను అమృతత్వం పొందుతానా అని ఆమె అడిగింది. అక్కడా మొదటి మాట ప్రేమను గురించినదే. భర్త ప్రియుడు కావడం భర్త నిమిత్తం కాదు, ఆత్మ నిమిత్తమే. భార్య, పుత్రులు, విత్తం, లోకాలు, దేవతలు, సర్వమూ అట్లే అని ఆయన బోధించాడు. తొందరపడి చదివితే ఇది స్వార్థబోధగా కనబడుతుంది. కాని ఆత్మశబ్దం దేహాభిమానాన్ని చెప్పదు. మనం ప్రేమించే ప్రతి వస్తువులోనూ ప్రేమకు అసలైన విషయమేదో దానిని చెబుతున్నది.

జిబ్రాన్ చెప్పిన ప్రేమ కూడా సామాన్యమైనది కాదు. ప్రేమ మనుష్యుని వరికంకులవలె నూర్చి, చెరిగి, పిండిచేసి, పిసికి, అగ్నిలో కాల్చి ఈశ్వరుని విందుకు యోగ్యమైన రొట్టెగా చేస్తుందనే భావచిత్రం అందులో ఉన్నది. అది చదివినప్పుడు నాకు దర్శపూర్ణమాసేష్టి జ్ఞప్తికి వచ్చింది. వ్రీహులను దంచడం, తుషాలను చెరిగివేయడం, పేషణం, పిండి కలపడం, అగ్నిదేవతకు ఎనిమిది కపాలాలపై పురోడాశం వండటం, ఇంచుమించు అదే క్రమం. ఇష్టిని చూడని కవికి ఆ వరుస ఎట్లా దొరికిందని ఆశ్చర్యపోయాను. ధాన్యం పండించే ప్రతి దేశంలోనూ అన్నం అట్లాగే సిద్ధమవుతుందని తరువాత తోచింది. ఆ వెంటనే అల్ ముస్తఫా ఒక హెచ్చరిక చేస్తాడు. ప్రేమలో సుఖశాంతులను మాత్రమే కోరేవాడు ఆ కళ్ళంలో అడుగుపెట్టకుండా తప్పుకోవడం మేలు అని. శుభలేఖలమీద, ఫోనులలో పంపుకొనే బొమ్మలమీద జిబ్రాన్ మాటలు అచ్చువేసేవారు ఈ హెచ్చరికను వదలివేస్తున్నారు.

ఇక నా అభ్యంతరం. అల్ మిత్రా ప్రేమను, వివాహాన్ని, చివర మరణాన్ని గురించి అడిగింది, విన్నది, విన్నదానిపై ఎదురుప్రశ్న వేయలేదు. అక్కడ ఒకరి తరువాత ఒకరు కొత్త విషయం అడుగుతారే తప్ప, చెప్పినదానిపై తిరిగి ప్రశ్నించినవారు ఆ నగరంలో లేరు. తుది వీడ్కోలులో అల్ ముస్తఫా స్వయంగా, నా మాటలు అస్పష్టంగా ఉంటే వాటిని తేటపరచుకోవాలని చూడవద్దు అనే అభిప్రాయం ప్రకటిస్తాడు.

మైత్రేయి అట్లా ఊరుకోలేదు. నీటిలో కరిగిన ఉప్పుముద్దవలె ఈ విజ్ఞానఘనం కరిగిన తరువాత ప్రత్యేకమైన ఎరుక ఉండదని భర్త చెప్పగానే, ఇక్కడనే నన్ను మోహంలో పడవేశారు అని నిలదీసింది. నేను మోహం కలిగించే మాట చెప్పలేదు అని యాజ్ఞవల్క్యుడు ద్వైతమున్నచోట ఒకటి, సర్వమూ ఆత్మయే అయినచోట ఒకటి విడదీసి వివరించాడు. ఆ నిలదీత లేకపోతే ఆ వివరణ మనకు దక్కేది కాదు. జనకుడు వేయి గోవులిచ్చి కూడా ఇంకా చెప్పండి అన్నాడు. పన్నెండేండ్లు చదివి గర్వించి వచ్చిన శ్వేతకేతువు మరల మరల అడిగితే తండ్రి తొమ్మిది పర్యాయాలు మహావాక్యాన్ని ఉపదేశించాడు. మిశ్రమమైన మాటలతో నా బుద్ధిని కలవరపెడుతున్నావని అర్జునుడు సాక్షాత్ భగవంతునితోనే అన్నాడు.

ప్రేమ అనిర్వచనీయమని నారదుడు కూడా చెప్పాడు కదా, మూగవాని రుచ్యనుభవంతో పోల్చాడు కదా, జిబ్రాన్ అస్పష్టత తప్పెట్లా అవుతుందని ఒక మిత్రుడు వాదించారు. మంచి ప్రశ్న. నారదుని భక్తిసూత్రాలు ఎనుబది నాలుగు. ఆ మాట చెప్పడానికి ముందే ఆయన పరమప్రేమను నిర్వచించాడు. పారాశర్యుడు, గర్గుడు, శాండిల్యుడు ఏమన్నారో చూపి తన మతం వేరుగా పెట్టాడు. ఎదుటివాని సుఖంలో సుఖించడం లేని ప్రేమ కామమే అని గుర్తు చెప్పాడు. మాటలు వెళ్ళగలిగినంత దూరం నడచిన తరువాత వచ్చే మౌనం అది. మొదటి అడుగులోనే ఆగిపోయినవాని మౌనం దానితో సమానం కాదు.

అస్పష్టతవలన వచ్చే నష్టానికి ఒక ఉదాహరణ. మరికొంతకాలానికి మరొక స్త్రీ నన్ను ప్రసవిస్తుంది అనే అర్థంలో అల్ ముస్తఫా చివర ఒక మాట అంటాడు. చూడండి, మన పునర్జన్మ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నాడు అని మనవారు సంతోషిస్తారు. అందులో కర్మ ప్రసక్తి లేదు, బంధం లేదు, మోక్షాపేక్ష లేదు. మనకు పునర్జన్మ దాటవలసిన ప్రవాహం. అతనికి ప్రియజనుల దగ్గరకు తిరిగివచ్చే నౌక. పోలిక దొరికిందన్న ఆనందంలో ఈ భేదాన్ని కప్పివేయడం ఇరుపక్షాలకూ అన్యాయం.

న్యాయంగా మరొకటి కూడా చెప్పాలి. ఉపాధ్యాయుడు తన జ్ఞానమందిరంలోకి రమ్మని పిలువడు, శిష్యుని మనస్సు గడప వరకే తీసికొనిపోతాడు అనే భావం బోధనను గురించిన భాగంలో ఉన్నది. ఆ ఒక్క భాగాన్ని ప్రమాణంగా పెట్టుకొని మిగిలిన ఇరువది అయిదింటినీ ప్రశ్నిస్తూ చదివితే ఈ గ్రంథం జిజ్ఞాసువుకు ఉపకరిస్తుంది. అందుచేత బీరువాలోనుండి తీయవద్దనే నా అభిప్రాయం.

ఒక పెండ్లిలో సప్తపది మంత్రార్థానికి బదులు జిబ్రాన్ వివాహభాగాన్ని చదువుతామని వధువు పక్షంవారు అడిగారు. ఆశీర్వచనానికి ముందు చదువుకొండి, దానికి బదులుగా మాత్రం కుదరదన్నాను. దంపతులు ఒకరినొకరు మింగివేయరాదని ఆ కవి చెప్పినది సత్యమే. ఏడవ అడుగులో వరుడు వధువును సఖిగా సంబోధించడంలోనూ ఆ గౌరవమే ఉన్నది. కాని ఇక్కడ ఇద్దరూ అగ్నిసాక్షిగా నడుస్తూ బద్ధులవుతున్నారు. అక్కడ ఒకరు చెబుతుంటే మిగిలినవారు వింటున్నారు.

భర్తను పోగొట్టుకొన్న ఒక తల్లి ఆ పుస్తకంలోని మరణభాగాన్ని నిత్యం పారాయణగా చదువుకొనేవారు. ఊరట కలిగిందన్నారు, కాదనడానికి నేనెవరిని? ఒకనాడు ప్రదోషపూజ అనంతరం, “అయ్యగారూ, ఎంత అందంగా చెప్పాడో! మావారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో మాత్రం చెప్పలేదు” అన్నారు. ఆ ప్రశ్న కోసమే ప్రతి ప్రదోషం నాడు మైత్రేయీ బ్రాహ్మణాన్ని అర్థసహితంగా చూస్తున్నాము. గతవారం ఉప్పుముద్ద దృష్టాంతం వచ్చింది. మైత్రేయి నిలదీసిన వాక్యం దగ్గర ఆమె, “అయ్యగారూ, మరొక్కసారి చదవండి. ఇది నేనడిగినదే కదా” అన్నారు. ఆనాటికి అక్కడే ఆపాము. యాజ్ఞవల్క్యుని సమాధానం వచ్చే ప్రదోషానికి.

స్వస్తి.