సగంలో ఆగని ప్రాజెక్టు

ప్రాజెక్టు అనగానే మనకు గుర్తొచ్చేది చివరి రోజే. రంగుల చార్టు, థర్మోకోల్ నమూనా, గోడకు అతికించిన బొమ్మలు. మార్కులు కూడా ఎక్కువగా వాటికే పడతాయి. కానీ ఆ రెండు మూడు నెలల్లో ఎవరు ఏం నేర్చుకున్నారో చార్టు చెప్పదు. నలుగురున్న బృందంలో ఇద్దరే పనిచేసినా దాని కింద నాలుగు పేర్లూ ఒకేలా ఉంటాయి.

బదిలీల మీద తిరిగే మన కుటుంబాల పిల్లలకు ఈ లోటు మరీ ఎక్కువ. అమ్మకో నాన్నకో ఆర్డరు రాగానే ప్రాజెక్టు మధ్యలోనే ఊరు మారాలి. టీసీ వెంట వస్తుంది, మార్కుల జాబితా వస్తుంది. సగం చేసిన పని మాత్రం పాత బడి బీరువాలో ఉండిపోతుంది. మీరు ఎంతవరకు వచ్చారో కొత్త టీచరుకు తెలిసే దారి లేదు.

అందుకే, ప్రాజెక్టు మొదలైన రోజు నుంచే ప్రతి విద్యార్థికీ దానికోసం ఒక సొంత నోటుపుస్తకం ఉండాలని నా అభిప్రాయం. చార్టు బృందానిది, నోటుపుస్తకం మీది.

ఒక ఉదాహరణ చూద్దాం. 'ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి' అని మన రైతుల సామెత. అది ఎంతవరకు నిజమో తేల్చడం తెలుగు తరగతికి చక్కని ప్రాజెక్టు. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. అడుగు చదునుగా, గోడలు నిలువుగా ఉన్న గాజు సీసాను ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం 8.30కి ఎన్ని మిల్లీమీటర్ల నీరు చేరిందో కొలవాలి. వాతావరణ శాఖ కూడా వాన లెక్క తీసేది ఆ వేళకే. తేదీ వేసి మూడు సంగతులు రాస్తే చాలు: ఈరోజు ఏం చేశాను, ఏం తెలిసింది, ఎక్కడ చిక్కుపడ్డాను. 'సీసా చెట్టు కింద ఉన్నందువల్ల నీళ్లు తక్కువ పడ్డాయి, చోటు మార్చాను' అని ఒక విద్యార్థి రాస్తే, ఆ ఒక్క వాక్యంలో అతను నేర్చుకున్నది కనిపిస్తుంది. చివరి గ్రాఫులో అది కనిపించదు.

టీచరు ఆ పుస్తకాన్ని వారానికోసారి చూడాలి. అంతా అయిపోయాక చూస్తే మార్కు వేయడం తప్ప చేయగలిగింది ఉండదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రగతి పత్రంలో ప్రాజెక్టులలోని ప్రగతికి, విద్యార్థి తనను తాను అంచనా వేసుకోవడానికి చోటు ఇమ్మంది.

ఇది ఇంకో హోంవర్కు అవుతుందేమో అని మీకు అనిపించవచ్చు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఈ పుస్తకంలో దస్తూరీకి మార్కులు ఉండకూడదు. ఫెయిర్ కాపీ అడగకూడదు. కొట్టివేతలు అలాగే ఉండాలి.

ఇక ఆగస్టులో మీ మకాం చెన్నైకి మారిందనుకోండి. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. మన సామెత అక్కడ పొసగుతుందా అన్నది కొత్త ప్రశ్న అవుతుంది. జైసల్మేరుకు వెళ్తే చాలా రోజులు సున్నాలే రాయాల్సి వస్తుంది. ఆ సున్నాలూ లెక్కే. ఊరు మారినా ప్రాజెక్టు ఆగలేదు, ఇంకాస్త పెద్దదైంది.

కాబట్టి ఈసారి సామాన్లు సర్దేటప్పుడు ఆ నోటుపుస్తకాన్ని అట్టపెట్టె అడుగున పడేయకండి. బడి సంచీలోనే ఉంచుకోండి. కొత్త బడిలో మొదటి వారమే టీచరుకు చూపించి, "ఇక్కడిదాకా చేశానండీ, ఇక్కడి నుంచి చేస్తాను" అని చెప్పండి.