నవ్వు సరే, స్నేహం ఏదీ?

‘మత్తు వదలరా 2’ 2024 సెప్టెంబరు 13న విడుదలైంది. చూసినవాళ్లలో కొందరు పొట్టపట్టుకుని నవ్వామన్నారు. మరికొందరు నవ్వు నవ్వేగానీ కథేముందని పెదవి విరిచారు. సినిమా ఆడింది, సత్యకు పేరొచ్చింది, అక్కడితో చర్చ ఆగిపోయింది. ఈ గొడవతో సాహిత్య పత్రికకేం పని అని అడిగే పాఠకులుంటారు. పని ఉంది. ఇద్దరు స్నేహితులు, వాళ్ల మెడకు చుట్టుకున్న ఒక ఆపద, నడుమ తన్నులాటలు, వీటన్నిటి మీదా హాస్యం. మన ఊళ్లలో పాతికేళ్లలోపు వాళ్లు ఇష్టపడి చూస్తున్న కథల్లో ఈ తరహా ముందువరసలో ఉంది. కథానికను, నవలను ఎంత శ్రద్ధగా విమర్శిస్తామో దీన్నీ అంత శ్రద్ధగా విమర్శించాలన్నది మా నమ్మకం.

గూడూరులో కూర్చుని ఈ సినిమా గురించి ఆలోచిస్తే హైదరాబాదులో తట్టని సంగతి ఒకటి తడుతుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ బయలుదేరేది మన స్టేషన్లోనే. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. నిమ్మతోటల్లో, నిమ్మకాయల మార్కెట్లో, అభ్రకం గనుల్లో ఒళ్లొంచిన కుటుంబాల పిల్లలు చదువైపోయాక బ్యాగు సర్దుకుని ఎక్కే బండి అది. అనుకున్న ఉద్యోగం దొరికేదాకా వాళ్లలో కొందరు ఇంటింటికీ పార్సిళ్లు అందించే పనిలో కుదురుకుంటారు. 2019 డిసెంబరు 25న వచ్చిన మొదటి ‘మత్తు వదలరా’ అచ్చంగా అలాంటి కుర్రాళ్ల కథ. బాబూమోహన్‌గా శ్రీసింహా, ఏసుదాసుగా సత్య, వాళ్ల గదిలో మూడోవాడు అభిగా నరేశ్ అగస్త్య. దర్శకుడు రితేశ్ రానాకు అది తొలి సినిమా.

అందులో ఒక చిన్న దొంగతనం ఉంది. నెలంతా బండి మీద తిరిగిన బాబు చేతికొచ్చిన జీతం చూసి కుంగిపోతాడు. అప్పుడు ఏసుదాసు ఒక కిటుకు నేర్పుతాడు. పార్సిలు ఇచ్చి డబ్బు తీసుకున్నాక, లెక్కపెట్టే నెపంతో ఒక నోటు మాయం చేసి, ఒకటి తగ్గిందని అమాయకంగా చెప్పాలి. అంతే. ఆ నోటు కోసం బాబు చెయ్యి వణకడం, గొంతు తడారడం, ఎదుటి మనిషి కళ్లల్లోకి చూడలేకపోవడం మనకు తెలుస్తూనే ఉంటాయి. ఆ చిల్లర తప్పు ఒక ముసలావిడ ఇంట్లో బెడిసికొట్టి అతన్ని పెద్ద ఊబిలోకి లాగుతుంది. మనం నవ్వుతాం, ఆ కుర్రాడి కోసం భయపడతాం కూడా. ఆ కిటుకు నేర్పినవాడి మీద మనకు కోపం రాదు, ఎందుకంటే తన దగ్గర ఉన్న ఒకే ఒక విద్యను స్నేహితుడికి పంచాడు. వాళ్లిద్దరి స్నేహం ఆ నోటు మీద నిలబడింది.

రెండో భాగంలో అదే ఇద్దరూ హీ టీమ్ అనే ప్రత్యేక దళంలో ఏజెంట్లు. కిడ్నాపైన వాళ్లను విడిపించడం వాళ్ల పని, విడిపించే క్రమంలో ఆ సొమ్ములోంచి కొంత నొక్కేయడం వాళ్ల అలవాటు. హాస్యం మొదటి భాగంలోకంటే జోరుగా ఉంది. చిరంజీవి పాత పాటకు సత్య వేసే స్టెప్పులు థియేటర్లను ఊపేశాయి. ఫరియా అబ్దుల్లా, వెన్నెల కిశోర్, సునీల్, అజయ్, రోహిణి, అందరూ తమ పని బాగా చేశారు. కాలభైరవ సంగీతం పరుగు తగ్గనివ్వలేదు. మరి కొందరికి వెలితి ఎక్కడ? మా దృష్టిలో ఆ నోటు పోయిన చోటే. లక్షల్లోంచి వాటా కొట్టేసేవాడి చెయ్యి వణకదు. అవసరం ఆశగా మారింది, ఆశ ఆటగా మారింది. ఇద్దరూ కలిసి ఉన్నారంటే సినిమా రెండో భాగం కాబట్టి కలిసి ఉన్నారు. ఒకరు లేకపోతే ఇంకొకరు ఏమైపోతారో అన్న బెంగ మనకు కలగదు. బెంగ లేకపోయినా నవ్వొచ్చు, ఆ నవ్వు థియేటర్ బయటికి రాగానే అయిపోతుంది. కథేముంది అని పెదవి విరిచినవాళ్లు వెతుక్కున్నది మలుపుల్ని కాదు, ఈ బెంగనేనని మాకనిపిస్తుంది.

ఇదే తూనికతో 2018 సెప్టెంబరు 27న వచ్చిన ‘దేవదాస్’ను చూడండి. నాగార్జున డాన్, నాని డాక్టరు. వైజయంతీ సంస్థ నిర్మాణం, శ్రీరామ్ ఆదిత్య దర్శకత్వం, మణిశర్మ సంగీతం. దానికీ రెండు రకాల మాటలే వచ్చాయి. ఇద్దరూ పక్కపక్కన కనబడితే చాలు, ముచ్చటగా ఉందన్నవాళ్లు ఒకవైపు. రెండో సగంలో బండి కదల్లేదన్నవాళ్లు ఇంకొకవైపు. ఆ కథలో నిజానికి పెద్ద ప్రశ్న ఉంది. ప్రాణం నిలబెట్టడమే వృత్తిగా ఉన్నవాడు ప్రాణం తీసేవాడితో స్నేహం చేస్తే, ఆ స్నేహానికి ఎవరు ఏం చెల్లించాలి? సినిమా ఆ ప్రశ్నను తలుపు దాకా తీసుకొచ్చి, ఇద్దరు తారల చిరునవ్వు చూపించి వెనక్కి పంపేసింది. నాగార్జున హుందాతనం, నాని సహజత్వం చాలాసేపు కాపాడాయి. చివరిదాకా కాపాడలేకపోయాయి.

వీటికంటే ముందు, 1993లో ‘మనీ’ వచ్చింది. రామ్‌గోపాల్ వర్మ నిర్మాత, శివనాగేశ్వరరావు దర్శకుడు. జె.డి. చక్రవర్తి, చిన్నా ఆడిన ఇద్దరు నిరుద్యోగులు డబ్బుకు గతిలేక ఒక ధనవంతుడి భార్యను ఎత్తుకెళతారు. ఆ భర్తగా పరేశ్ రావల్, భార్యగా జయసుధ. తీరా చూస్తే భర్తకు ఆమె తిరిగి రావడం ఇష్టం లేదు. 1986 నాటి అమెరికన్ సినిమా ‘రూత్‌లెస్ పీపుల్’ నుంచి తెచ్చుకున్న మూలమే అయినా, ఖాళీ జేబుల ఆకలి మాత్రం మన ఊళ్లదే. బ్రహ్మానందం ఖాన్‌దాదా ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాడు, కానీ ఖాన్‌దాదా అంత ఎత్తుకు లేచింది ఆ ఇద్దరి ఇక్కట్ల మీద నిలబడే. 1995లో ‘మనీ మనీ’ వచ్చేనాటికి మొదటి దాని ఊపు తగ్గింది. రెండో భాగాలకు ఈ జబ్బు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు.

హాలీవుడ్‌లో ఈ తరహాకు బాట వేసిన వాటిలో ఒకటిగా 1982 నాటి ‘48 అవర్స్’ను చెబుతారు. ఒక పోలీసు, ఒక ఖైదీ, ఇద్దరి మధ్యా చర్మం రంగు తేడా, చేతిలో రెండు రోజుల గడువు. ఒకరంటే ఒకరికి పడదు, ఒకరు లేకుండా ఇంకొకరికి గడవదు. పడకపోవడంలోంచి నవ్వు, గడవకపోవడంలోంచి స్నేహం.

తెలుగులో స్త్రీలతో ఈ తరహా ప్రయత్నం 2022 సెప్టెంబరులో ‘శాకిని డాకిని’తో జరిగింది. రెజీనా, నివేదా థామస్ పోలీసు శిక్షణలో ఉన్న ఇద్దరమ్మాయిలు. ఒకరికి శుభ్రత పిచ్చి, ఇంకొకరికి తిండి మీద ప్రేమ. కొరియాలో ఇద్దరు అబ్బాయిలతో తీసిన ‘మిడ్‌నైట్ రన్నర్స్’కు అది మన రూపం. జనం పెద్దగా ఆదరించలేదు. మాకు మాత్రం ఆ సినిమా మీద గౌరవం ఉంది. తగువులాడుకునే ఇద్దరు, తమ కళ్లెదుట జరిగిన అపహరణను పట్టించుకోకుండా ఉండలేక దగ్గరవుతారు. స్నేహానికి కారణం ఉంది, హాస్యానికి పదును చాల్లేదు. ఇంకా మంచి రచన దొరికి ఉంటే ఆ జంట నిలబడి ఉండేది. అమ్మాయిల జంటలు నడవవని నిర్మాతలు దాన్ని చూపించి తీర్పు చెబితే అన్యాయం.

ఈ తరహా మనది కాదు, బయటి సరుకు అనేవాళ్లకు తోలుబొమ్మలాటను గుర్తు చేయాలి. నెల్లూరు జిల్లాకు ఆ విద్యలో పేరుంది. తెర మీద రామరావణ యుద్ధం నడుస్తూ ఉంటుంది. బాణాలు, తాళాలు, మద్దెల మోత. ఉన్నట్టుండి యుద్ధం ఆగి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చేస్తారు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఊళ్లో పెద్దల్ని ఎగతాళి చేస్తారు, మోటు మాటలూ విసురుతారు. చూసేవాళ్లలో అప్పుడూ రెండు పక్షాలే. పవిత్రమైన కథలో ఈ బూతులేమిటని విసుక్కునేవాళ్లు కొందరు, కేతిగాడు ఎప్పుడొస్తాడా అని నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లు కొందరు. ఆట మాత్రం ఆ ఇద్దరినీ తెల్లవార్లూ ఒకే మైదానంలో కూర్చోబెట్టింది. యుద్ధాన్నీ నవ్వునూ పక్కపక్కన పెట్టడం మన జనానికి అనాదిగా అలవాటు. నెల్లూరు సీమ బిడ్డ రమణారెడ్డి ‘మాయాబజార్’లో చిన్నమయగా, లంబు జంబు అనే శిష్యుల జంటను వెంటేసుకుని చేసిందీ ఆ వరసలోదే.

అభిప్రాయాలు చీలడానికి ఇంకో కారణం కూడా మేం గమనించాం. ఒకే సినిమాను అందరూ ఒకే చోట చూడటం లేదు. మనకు దక్షిణాన సూళ్లూరుపేట దగ్గర 2019లో వెలసిన వి ఎపిక్ థియేటర్ తెర వెడల్పు వంద అడుగులు దాటింది. అక్కడ వందలమంది ఒక్కసారిగా నవ్వితే, నవ్వు రానివాడికీ నవ్వొస్తుంది. అదే సినిమా కొన్ని వారాలకు ఓటీటీలో వస్తుంది. రైలు పైబెర్తు మీద పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసేవాడికి పక్కవాడి నవ్వు తోడు ఉండదు. అప్పుడు కథ తన కాళ్ల మీద తాను నిలబడాలి. జోకుల మీద మాత్రమే ఆధారపడ్డ రెండో సగం అక్కడ తేలిపోతుంది. థియేటర్లో చూసినవాడు అబద్ధం చెప్పలేదు, ఫోన్లో చూసినవాడూ అబద్ధం చెప్పలేదు.

మా బాధ సినిమాల మీద కంటే సమీక్షల మీదే ఎక్కువ. అయిదుకు మూడు, అయిదుకు రెండున్నర, ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ ల్యాగు. ఇంత ప్రతిభ ఉన్న నటుడు సత్య ఏం చేస్తున్నాడో వివరించిన వాక్యం వాటిలో అరుదు. ఆయన ఒళ్లు ముందే ఓటమిని ఒప్పుకున్నట్టు వేలాడుతుంది, మాట మాత్రం ఓడిపోనంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరంలోంచి నవ్వు పుడుతుంది. పస్తులు తెలిసిన శరీరం అది. ‘మత్తు వదలరా’ మొదటి భాగం ఆ శరీరానికి తగిన కథ రాసింది, రెండో భాగం దాన్ని నవ్వుకు మాత్రమే వాడుకుంది. మొదటిది మంచి సినిమా, రెండోది మంచి కాలక్షేపం. ఇది మా తీర్పు.

దీనితో విభేదించే హక్కు పాఠకులకుంది, విభేదించాలనే మా కోరిక కూడా. ముఖ్యంగా నగరంలో పార్సిళ్లు మోసి, సెలవుకు సింహపురిలో ఇంటికొచ్చే తమ్ముళ్లను, చెల్లెళ్లను అడుగుతున్నాం. ఈ సినిమాల్లో ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వు ఆగింది, తెర మీది ఆ స్నేహంలో మీ గది, మీ జీతం, మీ పక్కవాడు ఎంతవరకు కనిపించారు, రాయండి. పేజీ నిండక్కర్లేదు, వ్యాకరణం గురించి జంకక్కర్లేదు. వచ్చే సంచికలో మీ ఉత్తరాలకే ఈ చోటు ఇస్తాం.