ఒడ్డు కనిపించని చోట జబ్బు చేస్తే



మా తడ పక్కన పులికాట్ సరస్సులో ఇరకం అనే దీవి ఉంది. భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కి అక్కడికి వెళ్లాలి. ఇంట్లో నెలలు నిండిన కోడలు గానీ, ఆయాసంతో బాధపడే పెద్దవారు గానీ ఉంటే ఎప్పుడు ఒడ్డుకు చేర్చాలని ఆ దీవి మనిషిని అడిగి చూడండి. నొప్పి మొదలయ్యాక పడవ కోసం వెదకరాదని అతడు వెంటనే చెబుతాడు. జబ్బుకూ వైద్యుడికీ నడుమ నీళ్లుంటే ఏమవుతుందో అతడికి తెలుసు. మెట్ట మీద బతికే మనకు అంతగా తెలియదు.

కిందటి నెల అస్ర్ నమాజు తర్వాత మా మదరసాలో చదివే ఒక పిల్లవాడి తండ్రి నా వద్దకు వచ్చాడు. "హజ్రత్, బెంగళూరులో ఉన్న మా పెద్దవాడు చెన్నై నుంచి బయలుదేరే విహారనౌకకు టికెట్లు తీశాడు. అమ్మీని కూడా తీసుకువెళ్తానంటున్నాడు. ప్రయాణపు దుఆ రాసివ్వండి" అన్నాడు. రాసిచ్చాను. గడప దాటబోతూ ఆగి, గొంతు తగ్గించి ఇంకొక మాట అడిగాడు. "ఓడవారు ఒక ఫారం పంపారు. జబ్బులేమైనా ఉంటే రాయమన్నారు. అమ్మీ గుండెకు స్టెంట్ వేశారు కదా, రాస్తే ఎక్కనివ్వరేమో. రాయకుండా ఊరుకుంటే తప్పా?"

దుఆ రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈ ప్రశ్నకు మాత్రం రేపు రమ్మని చెప్పి పంపాను. జవాబు తెలియక కాదు. ఆ ప్రశ్న మా ఇంటిలోనే నలభై ఏళ్లుగా ఉన్నది.

1983లో మా అబ్బా, ఆయన అక్కగారు అంటే మా ఫూఫీ, హజ్ కోసం బొంబాయి వెళ్లి ఓడ ఎక్కారు. అప్పట్లో బొంబాయి నుంచి జిద్దాకు హాజీల ఓడలు నడిచేవి. సుమారు 2,300 నాటికల్ మైళ్ల దారి. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. నేటి పిల్లలకు హజ్ అంటే విమానమే. ఫూఫీకి చక్కెర వ్యాధి ఉంది, రక్తపోటు ఉంది. ఆ సంగతి తెలిస్తే ఆపేస్తారని భయపడి, వైద్య పరీక్షలో తనకేమీ లేదన్నది. మాత్రలను అట్టల నుంచి తీసి కొంగున మూట కట్టుకున్నది. ఓడలో మరుగుదొడ్డి దూరం, అక్కడ వరుస. మాటిమాటికీ లేవవలసి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించింది, కొన్ని మాత్రలు మానేసింది. నాలుగో రోజున పడిపోయింది. ఓడ వైద్యుడు పరుగున వచ్చి మా అబ్బాను అడిగిన మొదటి మాట, ఈమె ఏ మందులు వాడుతున్నది అని. అబ్బాకు తెలియదు. కొంగు విప్పితే పేరూ ఊరూ లేని తెల్ల మాత్రలు. ఆ రాత్రే ఆమె అల్లాహ్ సన్నిధికి చేరింది. తీరం ఇంకా రోజుల దూరంలో ఉంది. ఓడలోని స్త్రీలే గుసుల్ చేయించి కఫన్ తొడిగారు. జనాజా నమాజు చదివి దేహాన్ని సముద్రంలోకి దించారు.

అబ్బా తిరిగి వచ్చాక ఊరంతా వచ్చి, హజ్ దారిలో పోయింది, ఎంత అదృష్టవంతురాలు అన్నారు. ఆమె సంకల్పానికి అల్లాహ్ పూర్తి ప్రతిఫలం ఇస్తాడని మేమూ ఆశిస్తాము. కానీ అబ్బా ఆ మాటకు ఎన్నడూ తలూపలేదు. చివరి రోజుల్లో ఒకసారి నాతో, "ఆ వైద్యుడు అడిగినప్పుడు నా నోట జవాబు లేదు రా" అన్నారు. అంతే అన్నారు.

జబ్బును దాచడమే తవక్కుల్ అని మనలో ఒక అపోహ పాతుకుపోయింది. దీన్ విద్య చదివినవాడిగా ఆ అపోహకు ఆధారం నాకు ఎక్కడా కనిపించలేదు. ప్రయాణంలో జబ్బుపడినవారు రమజాన్ ఉపవాసాలను వేరే రోజుల్లో పూర్తి చేసుకోవచ్చునని ఖుర్ఆన్ సడలింపునిచ్చింది. హజ్ విధి అయ్యేది స్తోమత ఉన్నవారికే. మన హనఫీ పండితులు ఆ స్తోమతలో దేహారోగ్యాన్ని కూడా లెక్కించారు. వాహనం మీద నిలకడగా కూర్చోలేని ముసలి తండ్రి తరఫున తాను హజ్ చేయవచ్చా అని ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) అనుమతించారు. బదల్ హజ్‌కు ఆధారం అదే. కోలుకునే ఆశ లేని మా ఫూఫీ వంటివారికి ఆ తలుపు తెరిచే ఉంది. ఇంట్లో ఎవరూ ఆమెకు ఆ మాట చెప్పలేదు. చెప్పవలసిన చదువు ఉన్నవాడు ఇంట్లో లేడు. నాకప్పటికి పదేళ్లు నిండీ నిండలేదు.

ఫిఖ్హ్ గ్రంథాలలో ఓడ మీద నమాజు గురించి ఒక చర్చ వస్తుంది. సాగుతున్న ఓడలో నిలబడడం మేలైనా, కూర్చుని చదివినా నమాజు చెల్లుతుందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఓడలో తల తిరగడం మామూలే కాబట్టి దానిని ఉన్నట్టే లెక్కించాలని అందుకు కారణం చెబుతారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు మాత్రం నిజంగా ఇబ్బంది ఉంటేనే కూర్చోవచ్చునన్నారు. విద్యార్థిగా ఆ పాఠం చదివినప్పుడు అదొక చిన్న మసలా అనుకున్నాను. దేహం బలహీనతను ఒప్పుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదని ఆ పండితులు అందులోనే చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది. ఇక వైద్యుల మాట చూస్తే, తొమ్మిదవ శతాబ్దంలోనే బఅల్‌బక్‌కు చెందిన ఖుస్తా ఇబ్న్ లూఖా అనే క్రైస్తవ వైద్యుడు హజ్ ప్రయాణికుల ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. నీటిని ఎలా శుద్ధి చేయాలి, అలసటకు ఏమి చేయాలి, నారికురుపు పురుగు నుంచి ఎలా కాపాడుకోవాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఆవిరి ఓడల కాలంలో కలరా హాజీలతో పాటు ప్రయాణం చేసింది. 1865లో హిజాజ్‌లో చెలరేగి వేలమందిని బలి తీసుకుని, అక్కడి నుంచి ఈజిప్టుకూ ఐరోపాకూ పాకింది. ఆ తర్వాతనే దేశాలు కూర్చుని చట్టాలు చేశాయి. ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో 1882లో క్వారంటైన్ కేంద్రం వెలసింది. మన దేశంలో 1895లో యాత్రికుల ఓడల చట్టం వచ్చింది. నాటి అంతర్జాతీయ ఒడంబడికలు వందమంది యాత్రికులుంటే ఓడలో వైద్యుడు ఉండాలనీ, వెయ్యి దాటితే రెండవ వైద్యుడు ఉండాలనీ నిర్దేశించాయి. ఆ వంద అనే సంఖ్య నేటికీ నిలిచి ఉంది. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం వందమంది, ఆ పైన మనుషులతో మూడు రోజులకు మించి అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో అర్హుడైన వైద్యుడు తప్పక ఉండాలి.

ఇక్కడొక మెలిక గమనించాలి. చెన్నై నుంచి సముద్రంలోకి వెళ్లి రెండు మూడు రోజుల్లో తిరిగి వచ్చే విహారం ఆ నిబంధన పరిధిలోకి వస్తుందని అనుకోరాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ నౌక చెన్నై నుంచి విశాఖకు వచ్చింది మొదలు మన తెలుగు ఇళ్లలో ఈ సరదా పెరిగింది. సరదాను నేను తప్పు పట్టడం లేదు. అల్లాహ్ సృష్టించిన సముద్రాన్ని చూడడంలో దోషమేముంది! కానీ టికెట్ కొనే ముందు వైద్యుడు ఉన్నాడా అని అడిగి తెలుసుకోవాలి. ఉన్నా, ఆయన చేయగలిగిందెంతో తెలుసుకోవాలి. సాధారణంగా ఓడ వైద్యశాలలో ప్రాణవాయువు, ఈసీజీ, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, అత్యవసర మందులు ఉంటాయి. మనిషిని నిలబెట్టి ఒడ్డుకు చేర్చడమే అక్కడి పని. ఆపరేషన్ గది, రక్తనిధి, యాంజియోగ్రామ్ ఉంటాయనుకోవద్దు. డయాలిసిస్ సైతం ఏర్పాటు చేసిన కొన్ని ప్రయాణాల్లో తప్ప దొరకదు. హెలికాప్టర్ తీరానికి కొంత దూరం వరకే రాగలదు. ఆరు నెలల దగ్గర పడిన గర్భిణులను అనేక సంస్థలు ఎక్కించుకోకపోవడానికి కారణం ఇదే.

కనుక మందులను అట్టలతోనే, వైద్యుడి చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోండి. పెద్ద పెట్టెలో వేస్తే అవసరానికి అందవు. రెండు మూడు రోజుల మందులు అదనంగా తీసుకోండి. ఇన్సులిన్‌కు చల్లదనం ఎక్కడ దొరుకుతుందో ముందే అడగండి. జబ్బు దాచి తీసిన బీమా ఆపద వేళ చెల్లకపోవచ్చు. వెంట వెళ్లేవారిలో కనీసం ఒకరికి పెద్దవారి మందుల పేర్లు నోటికి రావాలి. ఈ చివరి మాట మా అబ్బా కోసం రాస్తున్నాను.

వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే వైద్యుడికి చెప్పి గదిలోనే ఉండాలి. ఓడలలో తరచుగా వ్యాపించే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ చాలదు, సబ్బూ నీళ్లూ కావాలి. ఆ స్థితిలో జమాఅత్‌లో నిలబడాలని పట్టుబట్టడం భక్తి కాదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా దగ్గర నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో ఉన్న 3,711 మందిలో 712 మందికి కరోనా సోకింది. మన భారతీయులు 138 మంది అందులో చిక్కుకున్నారు. ప్లేగు వార్త విని, సహచరులతో సంప్రదించి, సిరియా దారిలో సర్గ్ అనే చోటు నుంచి వెనుదిరిగిన హజ్రత్ ఉమర్ (రజి)కు మనకంటే తవక్కుల్ తక్కువని ఎవరనగలరు?

మరునాడు ఆ తండ్రి వచ్చాడు. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. మీరు సంతకం పెట్టేది సాక్ష్యం కిందనే లెక్క అన్నాను. మా ఫూఫీ సంగతి చెప్పాను. అతడు చాలాసేపు నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రాశాడు. ఓడవారు గుండె వైద్యుడి లేఖ అడిగారు. వైద్యుడు పరీక్షించి, స్టెంట్ వేసి రెండు నెలలైనా కాలేదు, ఇప్పుడు వద్దు, ఆరు నెలల తర్వాత చూద్దాం అన్నారట. పెద్దావిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నా మీద కూడా కోపగించారని విన్నాను.

మొన్న ఆదివారం మనవడు ఆమెను భీములవారిపాలెం తీసుకువెళ్లి పడవ ఎక్కించాడు. అరగంటలో తిరిగి వచ్చేశారు. పడవవాడు కొంగల దగ్గరకు పోనివ్వలేదని ఆమె ఫిర్యాదు. మందుల చీటీ మనవడి జేబులో ఉందని అతడి తండ్రి నాకు చెప్పాడు.