ఆ పిల్ల అప్లికేషన్ మళ్లీ బయటికి తీయండి

ఇంట్లో తెలుగు మాట్లాడినా నేను బళ్లో చదివిందంతా అరవమే. తెలుగు అక్షరాలు రైల్వేలో రిటైరైనాక కూడబలుక్కొని నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి, విషయం మాత్రం ఓపికగా చదవండి.

పోయిన స్కాలర్‌షిప్ మీటింగులో ఒక పిల్ల అప్లికేషన్ పక్కన పెట్టేసినారు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదవాలని ఆ పిల్ల ఆశ. "అది చదివితే ఉద్యోగం ఏది? ఇంజనీరింగు, నర్సింగు అయితే ఇద్దాం" అన్నారు. నేనూ నోరు మూసుకొనే కూర్చున్నాను. ఇంటికొచ్చినాక నిద్ర పట్టలేదు. మా అన్న గుర్తుకొచ్చినాడు.

1986లో మా అన్నకు కామెర్లు వచ్చినాయి. కీళానెల్లి నూరి పోసినాం, పత్యం పెట్టినాం. తగ్గినట్టే తగ్గి, రెండేండ్లకు కడుపులో నీరు చేరింది. సేలంలో రక్తం చూసి హెపటైటిస్ బి అన్నారు. అప్పటికే కార్జం గట్టిపడిపోయింది. ముప్పైనాలుగేండ్లకే పోయినాడు.

ఆ రోగానికీ ఈ పిల్ల చదువుకూ ఏం సంబంధం అంటారా? చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొవ్వుతో కట్టిన సన్నని పొర ఉంటుంది. మన బొమ్మిడి స్టేషను కాంపౌండు గోడ అనుకోండి. గోడ ఉంటే గేట్లూ ఉండాల కదా? ఆ గేట్లే పొర ప్రొటీన్లు. ఈనాటి మందుల్లో సగానికి పైగా పనిచేసేది ఈ గేట్ల మీదనే. కార్జం కణం మీద ఎన్‌టీసీపీ అనే గేటు ఉంది. పిత్త లవణాలను రక్తంలోనుంచి లోపలికి తీసుకోవడం దాని పని. హెపటైటిస్ బి వైరసు దొంగ టికెట్టుతో దూరేది ఆ గేటులోనే.

ఈ సంగతి 2012లో బీజింగ్‌లో వెన్‌హుయి లీ బృందం కనిపెట్టింది. ల్యాబులో మామూలుగా పెంచే కార్జం కణాలకు ఈ వైరసు అంటేది కాదు. ఎన్‌టీసీపీకి సంబంధించిన మనిషి జన్యువును (బళ్లో మనం మరబణు అని చదివినదే) ఆ కణాల్లో పెడితే గేటు తయారైంది, వైరసు లోపలికి పోయింది. ఇట్లా జన్యువును వేరే కణంలో పెట్టి చేయించుకున్న ప్రొటీనునే రీకాంబినెంట్ అంటారు. ఆ గేటుకు అడ్డుపడే బులెవిర్టైడ్ అనే మందుకు 2020లో యూరప్‌లో అనుమతి దొరికింది. అది డెల్టా హెపటైటిస్‌కు. ఆ వైరసు కూడా బి వైరసు చొక్కానే తొడుక్కొని అదే గేటులో వస్తుంది.

ఇది సులభమైన పని కాదు. గోడలోనుంచి గేటు పెరికితే వంగిపోయినట్టు, కొవ్వు పొరలోనుంచి తీస్తే ఈ ప్రొటీను ఆకారం చెడుతుంది. చెడకుండా తీసి శుభ్రం చేయడానికి ఎంతో ఓపిక కావాల. అందుకే వీటిని మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు.

ఇదంతా బీజింగు, యూరపు కథ అనుకోవద్దు. వైరసు చొక్కా మీది ప్రొటీనును ఈస్టులో చేయించి టీకా చేస్తారు. మన దేశంలో ఆ టీకాను మొదట చేసింది తెలుగువాళ్లే. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో హైదరాబాదులో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టినారు. సీసీఎంబీ ఆసరాతో 1997లో షాన్‌వాక్-బి తెచ్చినారు. అంతకుముందు దిగుమతి టీకా మనలాంటివాళ్లకు అందని వెల. 2011 డిసెంబరులో హెపటైటిస్ బి కూడా కలిసిన ఐదింటి సూది దేశంలో మొదట మొదలైంది మన తమిళనాడులో, కేరళలోనే. ఈరోజు మన మనవళ్లకు ఆసుపత్రిలో ఊరికే వేస్తున్నారు.

"వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్ కదా" అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ల్యాబులో ఈస్టు ముందర కూర్చొని పనిచేసింది ఎవరు? ఇట్లాంటి ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చదివిన పిల్లలే.

పెద్దల భయం ఉత్తది కాదు. ఈ చదువుకు ఏండ్లు పడతాయి, జీతం ఆలస్యంగా వస్తుంది. ఉన్నోళ్ల పిల్లలు అంతవరకు కాచుకోగలరు. మన పిల్లలు కాచుకోలేరు. సంఘం అని ఒకటి పెట్టుకున్నది దానికే కదా? వెంటనే ఉద్యోగం వచ్చే చదువుకు బ్యాంకు అప్పైనా ఇస్తుంది.

నేను అడిగేది ఇంతే. ఏడాదికి ఒక్క స్కాలర్‌షిప్పు సైన్సు చదువుకు పెడదాం, రెండేండ్లూ ఇద్దాం. తీసుకున్న పిల్ల ఉగాది మీటింగులో తాను నేర్చుకున్నది మన తెలుగులో మనకు చెప్పాల. మొదటి ఏడాదికి నా ఒక నెల పెన్షను ఇస్తాను.

ఇంకొక మాట. టీకా కొత్తగా రోగం అంటకుండా కాపాడుతుందే గానీ, ముందే లోపల చేరిన వైరసును తరమలేదు. మన వయసువాళ్లు ఒకసారి హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకోండి. నేను చేయించుకున్నాను.

పోయిన మీటింగులో మాట్లాడకుండా ఉన్నది నా తప్పు. వచ్చే మీటింగులో లేచి మాట్లాడతాను. సరే అనుకున్నవాళ్లు నాతో చెయ్యి ఎత్తండి.