యంత్రం కొన్నవారిదా, తాళం వేసినవారిదా?

గేమ్ కన్సోల్ కొన్న వ్యక్తికి దానిపై ఏ మేరకు హక్కు ఉంటుందన్న ప్రశ్న మరోసారి చర్చకు వచ్చింది. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2025 మే నెలలో అమెరికా వినియోగదారులతో తన ఒప్పందాన్ని సవరించింది. అనుమతి లేకుండా పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను మార్చినా, రక్షణ ఏర్పాట్లను ఛేదించినా ఆ పరికరాన్ని పాక్షికంగానో పూర్తిగానో శాశ్వతంగా పనిచేయకుండా చేసే అధికారం తనకు ఉంటుందని అందులో పేర్కొంది. జూన్ 5న స్విచ్ 2 విపణిలోకి వచ్చిన కొద్దికాలానికే, నకలు గేములను నడిపే కార్ట్రిడ్జీలు వాడిన కొన్ని కన్సోళ్ళకు ఆన్‌లైన్ సేవలు నిలిచిపోయాయి. ధర చెల్లించి ఇంటికి తెచ్చుకున్న వస్తువును తయారీదారు దూరం నుంచే నిరుపయోగం చేయగలిగినప్పుడు, దాని అసలు యజమాని ఎవరన్న సందేహం సహజంగానే తలెత్తుతుంది.

ఇది విదేశీ కంపెనీలకు, అక్కడి కోర్టులకు మాత్రమే పరిమితమైన వివాదం కాదు. 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 భారత్‌లో విడుదలైనప్పుడు డిస్క్ సదుపాయం ఉన్న రకం ధర 49,990 రూపాయలు. దానితో వచ్చిన కొన్ని కొత్త గేములు ఒక్కొక్కటి 4,999 రూపాయలు. పది గేములు కొంటే కన్సోల్ ధరతో సమానమవుతుంది. ఈ లెక్కే మధ్యతరగతి కుటుంబాలను సెకండ్‌హ్యాండ్ యంత్రాల వైపు, గేములన్నీ ముందే ఎక్కించి ఉన్న యంత్రాల వైపు నడిపిస్తుంది. చెడిపోయిన కన్సోల్‌ను కంపెనీ సేవా కేంద్రానికి పంపడం కంటే సమీపంలోని మెకానిక్ చేతికి ఇవ్వడమే సులువని భావించేవారూ ఎక్కువే.

యంత్రాన్ని విప్పి అర్థం చేసుకోవడం భిలాయికి కొత్త కాదు. ఈ పట్టణం పుట్టుకే అటువంటిది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ ఉక్కు కర్మాగారం నిర్మితమైంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారు సహా వేలాది కార్మికులు పరాయి దేశం రూపకల్పన చేసిన యంత్రాలను నడిపారు, మరమ్మతు చేశారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం పాతిక లక్షలకు, ఆపై నలభై లక్షల టన్నులకు విస్తరించింది. కొన్న యంత్రంతో పాటు దాని నమూనాలు, దాన్ని నడిపే విద్య కూడా కొనుగోలుదారుకు అందాలన్నది నాటి ఒప్పందాల స్ఫూర్తి. నేటి గేమ్ కన్సోల్ విషయంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. పెట్టె మనదవుతుంది. లోపలి సాఫ్ట్‌వేర్‌పై మాత్రం షరతులతో కూడిన లైసెన్సు తప్ప మరేమీ రాదు.

వివాదానికి మూలం కన్సోల్‌లోని సాంకేతిక తాళం. యంత్రం ప్రతి గేమునూ తయారీదారు ఆమోదించినదా కాదా అని సరిచూసి, ఆమోదం ఉంటేనే నడుపుతుంది. ఈ తనిఖీని తప్పించేందుకు ఒకప్పుడు మదర్‌బోర్డుపై చిన్న చిప్‌ను టంకం వేసేవారు. తర్వాతి తరాల్లో సాఫ్ట్‌వేర్ లోపాల ఆధారంగానే ఆ పని జరుగుతోంది. ఒకసారి తాళం తెరుచుకుంటే సొంత డిస్కు నకలును హార్డ్‌డిస్క్ నుంచి ఆడుకోవచ్చు, వేరే ఆపరేటింగ్ వ్యవస్థను ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఔత్సాహికులు స్వయంగా రాసిన ప్రోగ్రాములను నడపవచ్చు. అదే ద్వారం గుండా దొంగ నకళ్ళు కూడా వస్తాయి. సక్రమ వినియోగానికీ పైరసీకీ తాళం ఒక్కటే కావడం వల్లనే ఈ సమస్య ఇంత జటిలమైంది.

పైరసీ వల్ల కలిగే నష్టాన్ని తక్కువగా అంచనా వేయడానికి వీల్లేదు. 1990లలో 'టీవీ గేమ్' పేరిట మన ఇళ్ళలో ప్రవేశించిన యంత్రాల్లో అత్యధికం, 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్‌కు అనుకరణలు. వేల గేములు ఉన్నాయని ముద్రించిన కార్ట్రిడ్జీల్లో నిజానికి ఉండేవి కొన్నే. ఒక తరం పిల్లలకు అవి ఆనందం పంచాయి. గేము అంటే ఉచితంగా వచ్చేదన్న అలవాటునూ నేర్పాయి. ఆ అలవాటు భారం స్వదేశీ సృష్టికర్తలపైనా పడుతుంది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించిన 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో ప్లేస్టేషన్ 2పై విడుదలైంది. ఆ కన్సోల్ కోసం పూర్తిగా భారత్‌లోనే తయారైన తొలి గేముగా అది గుర్తింపు పొందింది. నకలు డిస్కులు విరివిగా దొరికే చోట ఇటువంటి చిన్న సంస్థలు పెట్టుబడిని రాబట్టుకోవడం కష్టం.

మరి మన చట్టం ఏమంటోంది? 2012లో సవరించిన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ళ వరకు జైలు, జరిమానా విధించవచ్చు. ఇక్కడ 'ఉద్దేశంతో' అన్న మాట కీలకం. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం తాళం తెరవడం నేరం కాదని అదే సెక్షన్ చెబుతోంది. భద్రతా పరీక్షలకు, ఎన్‌క్రిప్షన్ పరిశోధనకు కూడా అందులో మినహాయింపులు ఉన్నాయి. 52వ సెక్షన్ ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామును చట్టబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి నష్టం నుంచి రక్షణగా బ్యాకప్ ప్రతి తీసుకోవచ్చు. అయితే గేములో ప్రోగ్రాముతో పాటు సంగీతం, చిత్రాలు కూడా ఉంటాయి కనుక ఈ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై వాదనలకు తావుంది. ఇక తెలిసి తెలిసి పైరసీ ప్రోగ్రామును కంప్యూటర్‌లో వాడితే 63బీ సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

అంతగా ప్రచారంలో లేని మరో నిబంధన కూడా 65ఏలో ఉంది. సక్రమ ప్రయోజనం కోసం ఇతరులకు తాళం తెరిచి పెట్టే వ్యక్తి, ఆ వినియోగదారుడి పేరు, చిరునామా, పని ఉద్దేశం వంటి వివరాలన్నీ నమోదు చేసి ఉంచాలి. అంటే మరమ్మతు దుకాణదారుడికి చట్టం దారి పూర్తిగా మూయలేదు, రిజిస్టరు నిర్వహించే బాధ్యతను మాత్రం అప్పగించింది. ఈ సంగతి తెలియని మెకానిక్ నిజాయితీగా పనిచేసినా, ఫిర్యాదు వచ్చిన రోజున తన ఉద్దేశాన్ని నిరూపించుకునే ఆధారం లేక ఇబ్బంది పడే ప్రమాదం ఉంది. నకలు గేములు ఎక్కించి విక్రయించే వ్యాపారి, చెడిన డ్రైవును మార్చే మెకానిక్ ఇద్దరూ ఒకే అనుమానపు నీడలో నిలబడటం న్యాయం కాదు.

విదేశీ అనుభవం కూడా ఈ భేదాన్నే సూచిస్తోంది. కన్సోల్ రక్షణను ఛేదించే పరికరాలను వ్యాపారంగా అమ్మిన టీం ఎక్జిక్యూటర్ ముఠా సభ్యుడికి 2022 ఫిబ్రవరిలో అమెరికా కోర్టు 40 నెలల జైలు విధించింది. అదే అమెరికాలో 2021 అక్టోబరులో, కన్సోళ్ళలోని డిస్క్ డ్రైవు మరమ్మతు కోసం తాళం తెరవడానికి ప్రత్యేక మినహాయింపు లభించింది. కొన్ని కన్సోళ్ళలో డ్రైవు ఆ యంత్రపు మదర్‌బోర్డుతోనే జతపడి ఉంటుంది. అందువల్ల కొత్త డ్రైవు బిగించినంత మాత్రాన అది పనిచేయదు. 2014లో నింటెండో, పీసీ బాక్స్ వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం, రక్షణ ఏర్పాట్లు వాటి లక్ష్యానికి అనులోమంగా ఉండాలని, అవసరాన్ని మించి సక్రమ వినియోగాన్ని అడ్డుకోరాదని స్పష్టం చేసింది.

కంపెనీల వైపు నుంచి కూడా హద్దు దాటిన సందర్భాలు ఉన్నాయి. ప్లేస్టేషన్ 3లో వేరే ఆపరేటింగ్ వ్యవస్థను ఇన్‌స్టాల్ చేసుకునే సదుపాయం మొదట్లో ఉండేది. 2010లో అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,760 ప్లేస్టేషన్ 3లతో సూపర్‌కంప్యూటర్‌ను నిర్మించింది. భద్రత పేరిట సోనీ అదే ఏడాది ఏప్రిల్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా ఆ సదుపాయాన్ని తొలగించింది. అమెరికా కొనుగోలుదారులు వేసిన దావా ఏళ్ళ తర్వాత పరిహార ఒప్పందంతో ముగిసింది. 2023 మార్చిలో నింటెండో 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ దుకాణాల్లో కొనుగోళ్ళు ముగిశాయి. దుకాణం మూతపడ్డాక డిజిటల్‌గా మాత్రమే లభించిన గేములను కొత్తగా చట్టబద్ధంగా కొనే మార్గమే ఉండదు.

మన దేశంలో మరమ్మతు హక్కుపై కొంత కదలిక వచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీని నియమించి, అదే ఏడాది డిసెంబర్ 24న ప్రత్యేక పోర్టల్‌ను ప్రారంభించింది. మరమ్మతు సౌలభ్య సూచీపై నివేదిక 2025 మేలో అందింది. అయితే దాని తొలి దృష్టి మొబైల్ ఫోన్లు, టాబ్లెట్లపైనే ఉంది. గేమ్ కన్సోళ్ళను కూడా ఆ పరిధిలోకి తేవాలి. అమ్మకం సమయంలోనే కొనుగోలుదారుకు దక్కేది యాజమాన్యమా, లైసెన్సా అన్నది స్థానిక భాషల్లో తెలియజేయాలి. కాలిఫోర్నియా రాష్ట్రం ఈ వెల్లడిని డిజిటల్ విక్రయాలకు 2025 జనవరి నుంచి తప్పనిసరి చేసింది. 65ఏ సెక్షన్ ఏ మరమ్మతులకు వర్తించదో సోదాహరణంగా వివరించే మార్గదర్శకాలను ప్రభుత్వం వెలువరిస్తే పోలీసులకూ మెకానిక్‌లకూ స్పష్టత వస్తుంది.

వినియోగదారుడిపైనా బాధ్యత ఉంది. వందల గేములు ఎక్కించిన యంత్రం చవకగా దొరికిందంటే, ఆ గేములు ఎక్కడివని అడగాలి. మరమ్మతు చేయించినప్పుడు చేసిన పనిని పేర్కొనే రసీదు తీసుకోవాలి. ఐఐటీతో పాటు పలు ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్న భిలాయి, దుర్గ్ ప్రాంత యువతకు యంత్రాన్ని విప్పి చూసే స్వేచ్ఛ అవసరం. రేపటి గేమును రాసేది కూడా వారే కాబట్టి, రాసినవారికి ప్రతిఫలం దక్కే రక్షణ కూడా అంతే అవసరం.