833 ఎందుకు 309 అయింది?

తీరంలో కలిసే మురుగు సంగతి ఎత్తితే చాలు, పాలకులదీ వారిని తిట్టేవారిదీ ఒకటే పాట: నిధుల్లేవు. కేంద్రం గ్రాంటా, విదేశీ రుణమా, మున్సిపల్ బాండ్లా అన్న దగ్గరే చర్చ మొదలై అక్కడే ఆగిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెల్లడించిన లెక్క జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో రోజుకు 2,882 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి కేంద్రాల సామర్థ్యం 833. ఇక్కడిదాకా అందరూ చదువుతారు. నిజంగా శుద్ధి అవుతున్నది 309. ఉన్న సామర్థ్యంలో సగమైనా వాడని చోట కొత్తవాటికి డబ్బెక్కడిదన్నది రెండో ప్రశ్న.

833 ఎందుకు 309 అయిందో ఊహించడం కష్టమేమీ కాదు. కట్టడానికి గ్రాంటు వస్తుంది, శంకుస్థాపన ఫలకం లేస్తుంది, కాంట్రాక్టరుకు బిల్లు అందుతుంది. నడిపే ఖర్చు మాత్రం ఏళ్ల తరబడి మున్సిపాలిటీ నెత్తిన పడుతుంది. గాలి పంపే బ్లోయర్లు ఆపేస్తే కరెంటు బిల్లు సగానికి సగం తగ్గినట్టే, అడిగేవాడు లేడు. నదిలోకి వదిలితే దిగువ ఊరు గోల చేస్తుంది, సముద్రానికి ఆ నోరు లేదు. పైగా ఇళ్ల నుంచి భూగర్భ డ్రైనేజీ కనెక్షన్లు పూర్తికాక శుద్ధి కేంద్రానికి మురుగు చాలదు, విశాఖ గెడ్డల్లో మాత్రం అది పొంగి తీరానికి చేరుతుంది.

గంగ కోసం 2016లో కేంద్రం ఆమోదించిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి మన తీరానికెందుకు పనికిరాదు? అందులో నిర్మాణ వ్యయంలో 40 శాతమే కట్టేటప్పుడు చెల్లిస్తారు. మిగతా 60 శాతం, నిర్వహణ సొమ్ముతో కలిపి, పనితీరు చూస్తూ 15 ఏళ్లపాటు ఇస్తారు. లోపాలు లేవనను; పరీక్ష నమూనాలు తీసేవాడు కుమ్మక్కైతే ఇదీ కాగితమే. కానీ చెల్లింపు పనితీరుకు ముడిపడ్డాక, నడవని శుద్ధి కేంద్రం కట్టినవాడికీ నష్టమే. నిర్వహణ కోసం చార్జీలు వేస్తే పేదల మీద పడతాయంటారా? ఆస్తిపన్నును బట్టి వేయండి, చిన్న ఇళ్లను వదిలేయండి. శుద్ధి చేసిన నీటిని పరిశ్రమలకు అమ్మండి. 2021లో ఘాజియాబాద్ 150 కోట్ల బాండ్లు జారీ చేసింది అలాంటి నీటి కోసమే. అయినా మురుగును సముద్రంలోకి వదిలేసే ఈ 'ఉచితం' ఎవరికి? ఒడ్డు దగ్గరి నీరు చెడితే ఇంకా లోపలికి పోయి డీజిలు కాల్చుకోవాల్సింది మత్స్యకారుడే.

ఆ లెక్క పాతదని అధికారులు అంటారు. కావచ్చు. అయితే కొత్తది పెట్టండి. ఎంత కట్టారన్నది కాదు, ఎంత శుద్ధి చేశారన్నది, కేంద్రాలవారీగా, నెలనెలా. 833, 309 పక్కపక్కన కనబడుతుండగా మరో వెయ్యి కోట్లు అడగడం నిధుల కొరత కాదు, సిగ్గు కొరత. ఇంకో కేంద్రానికి కొబ్బరికాయ కొట్టే ముందు, పాత కేంద్రం నిన్న ఎన్ని లీటర్లు శుద్ధి చేసిందో ఆ ఫలకం మీదే చెక్కించమనండి.